మూడు మునకలు

గోదావరికి పుష్కరములు వచ్చినప్పుడు లక్షలకొలది జనులు రేవులకు చేరుదురు. మూడు మునకలు వైతురు, తడిబట్టలు పిండుకొందురు, పాపము నదిపాలైనదను తృప్తితో ఇండ్లకు మరలుదురు. ఆ రేవు ప్రక్కనే వల వేసికొని బ్రతుకు పల్లెకారులు మాత్రము ఎక్కడికిని పోరు. యాత్రికులు విడిచిపోయిన పూలదండలు, గుడ్డపీలికలు వారి వలలలో తగుల్కొనును. మునిగి పోయినవానికి పుణ్యము, నీటనే బ్రతుకువానికి మురికి. స్నానమును నిందించుట నా యుద్దేశము కాదు. కాని స్నానమాడి పోవువాడు తాను నదికే ఉపకారము చేసితినని చెప్పుకొన్నచో నవ్వక యుండగలమా?

ఈ మాట ఇప్పుడేల యనగా, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని క్రైస్తవ కళాశాలలయందు, ముఖ్యముగా యేసు సభ గురువులైన జెస్యూటులు స్థాపించిన విశ్వవిద్యాలయములయందు, ఇట్టి మునక యొకటి ఏటేట జరుగుచున్నది. దాని పేరే 'ఇమ్మర్షను'. తెలుగున మునక యనియే అర్థము. వసంతకాలపు సెలవులలో పది పన్నెండుగురు విద్యార్థులు ఒక అధ్యాపకునితోనో, మతాచార్యునితోనో బయలుదేరి, వారమో పది దినములో బీదలనడుమ గడపివత్తురు. కొందరు కెంటకీ, పశ్చిమ వర్జీనియా రాష్ట్రముల బొగ్గుగనుల కొండపల్లెలకు, కొందరు మెక్సికో సరిహద్దునందలి నొగాలెస్ వంటి పట్టణములకు, మరికొందరు ఎల్ సాల్వడార్ వంటి చిన్న దేశములకు పోవుదురు. పగలు ఇండ్ల మరమ్మతు చేయుటయో, వలసవచ్చినవారికి అన్నము వడ్డించుటయో, వారి కథలు వినుటయో. రాత్రి అందరును వలయముగా కూర్చుండి ప్రార్థన, ఆత్మవిచారము. దీనికి వారు పెట్టుకొన్న ధ్యేయము చిన్నది కాదు: సామాజిక న్యాయము.

దీని వెనుకనున్న సంకల్పము పవిత్రమైనదే. 1973లో యేసు సభాధిపతి పెద్రో అరూపె స్పెయినుదేశపు వాలెన్సియా నగరమున తమ కళాశాలల పూర్వవిద్యార్థుల యెదుట నిలిచి, ఇతరులకొరకు బ్రతుకు మనుష్యులను తయారుచేయుటయే విద్యకు పరమార్థమని చెప్పి, మిమ్ము న్యాయమునకై తీర్చిదిద్దితిమా యని అడిగి, లేదని తానే ఒప్పుకొనెను. సభాధిపతి యట్లొప్పుకొనుట సామాన్యమగు ధైర్యమా? 1974–75 మహాసభలో వారు న్యాయసాధనను విశ్వాససేవకు విడదీయరాని అంగముగా తీర్మానించుకొనిరి. 2000 సంవత్సరమున ఆయన తరువాతి సభాధిపతి కోల్వెన్‌బాక్ కాలిఫోర్నియాలోని సాంతా క్లారా విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, లోకపు బాధ విద్యార్థికి పుస్తకమువలన గాక సాక్షాత్తు స్పర్శవలన తెలియవలెనని బోధించెను. ఈ సభవారు మనకు పరాయివారు కారు. 1953లో విజయవాడయందు ఆంధ్ర లయోలా కళాశాలను నెలకొల్పినది వీరే. కావున పరమతద్వేషముతో ఈ వ్రాత వ్రాయబడినదని ఎవరును తలపకుందురుగాక. వారు ఉచ్చరించిన 'న్యాయము' అను మాటను పట్టుకొనియే వారిని ప్రశ్నించుచున్నాను.

మా మేనల్లుడొకడు అమెరికాలో చదువుచున్నాడు. హిందువుల బిడ్డయైనను తోడి విద్యార్థులతో అట్టి యాత్రకు పోయివచ్చి, టెలిఫోనులో ఒక గంటసేపు నాతో మాటలాడెను. "మామయ్యా, ఆ వారము నా జీవితమునే మార్చివేసినది" అనెను. సంతోషమే. "నీ జీవితము మారినది సరే, అబ్బాయీ, ఆ యూరివారి జీవితమేమి మారినది?" అని యడిగితిని. కొంతసేపు పలుకలేదు. పిదప మెల్లగా, "వారు మాకు వండిపెట్టినారు మామయ్యా, మేము వారి బడిగోడకు రంగు వేసితిమి. నాకు రంగు వేయుట రాదు. మేము వచ్చిన పిదప దానికి మరల రంగు వేసికొనియుందురు" అనెను. బొంకక చెప్పినందుకు మెచ్చుకొంటిని. అతిథులు పాడుచేసిన గోడను బాగుచేసికొనుట, అతిథులకు వండిపెట్టుట, ఈ రెండును ఆ బీదలపైననే పడినవి. ఇందు సేవ చేసినదెవరు? చేయించుకొన్నదెవరు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1968 ఏప్రిల్ మాసమున ఇవాన్ ఇల్లిచ్ అను కాథలిక్ గురువు, మెక్సికో పల్లెలకు సేవకై పోవు అమెరికా విద్యార్థుల సభలో నిలిచి, మెక్సికోకు రండు, చూడుడు, కొండలెక్కుడు, చదువుకొనుడు, సహాయము చేయుటకు మాత్రము రావలదని నిష్కర్షగా చెప్పెను. ఎవరి భాషయైనను రాక, ఎవరి కోపమైనను అర్థముకాక, మీరు వారికి చేయునదేమి యని అడిగెను. సేవయే చేయవలెనన్నచో, మీ తప్పును మీ మొగముననే చెప్పి మిమ్ము పొమ్మనగల స్వదేశపు బీదలయొద్ద చేయుడని ఆయన హితవు. కటువైన మాటయే. కాని మర్యాదకొరకు నోరు మూసికొనిన బీదవాని మౌనమును కృతజ్ఞతగా భావించుకొని మరలివచ్చినవారెందరు లేరు?

ఒక చిన్న లెక్క చూతము. ఇది ఊహకొరకు వేసికొన్న లెక్క. పన్నెండుగురు విద్యార్థులు, విమానపు టిక్కెట్టు మొదలు బస వరకు తలకు 1,500 డాలర్లు. వెరసి 18,000 డాలర్లు. ఆ పైకమే ఆ యూరి తాపీపనివానికి, వడ్రంగికి కూలిగా ఇచ్చినచో గోడకు రంగు కాదు, గదులే లేచును. పనియు ఊరివారికే దక్కును. కావున ఈ వ్యయమును 'సేవ' యను పద్దుక్రింద చూపినచో నేనొప్పుకొనను. 'విద్య' యను పద్దుక్రింద చూపుడు, ఒప్పుకొందును. విద్యార్థి నేర్చుకొనుటకే పోయినాడు; నేర్పినవాడు ఆ యూరి బీదవాడు. శిష్యుడు ధర్మదాత వేషము ధరించి గురువును యాచకునిగా నిలబెట్టుటయే ఇందలి దోషము. గురుదక్షిణ యేది? నా ప్రశ్నకు మూలము అదియే.

నేను న్యాయవాదిని. న్యాయమను మాట వినగానే ప్రతివాది ఎవరని అడుగుట నా వృత్తి నాకు నేర్పినది. ప్రతివాది పేరు లేని దావాను ఎంత చిన్న కోర్టు గుమాస్తాయైనను పుచ్చుకొనడు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి వేలకొలది జనులు మరణించినప్పుడు అన్ని మతములవారును పరుగెత్తి వచ్చిరి; శవములను తొలగించిరి, గంజి కాచి పోసిరి, ఇండ్లు కట్టిరి. అక్కడ ప్రతివాదిని వెదకుచు ఎవరును నిలువలేదు. సముద్రముపై దావా వేయలేము గదా. అది సేవ, దానికి నమస్కారము. కాని కూలి ఎగవేయుట, భూమి లాగికొనుట, 2018లో అమెరికా సరిహద్దున జరిగినట్లు తల్లిచేతిలోని బిడ్డను వేరుచేయుట, ఇవి ఉప్పెనలు కావు. వీనికి కర్తలు కలరు. కాగితములు, సంతకములు కలవు. లాభము పొందినవారు కలరు. అన్యాయమును ఉప్పెనవలె చూపి, బాధితునిపై జాలి కలిగించి, కర్త పేరు చెప్పకుండ విద్యార్థిని ఇంటికి చేర్చు యాత్ర సేవాయాత్ర కావచ్చును. న్యాయయాత్ర మాత్రము కాదు.

ఎల్ సాల్వడార్ సంగతి చూడుడు. ఆ దేశపు ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో, తన దేశపు సైన్యమునకు సహాయము పంపవలదని 1980 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టరునకు ఉత్తరము వ్రాసెను. మార్చి 24న పూజ చేయుచుండగా ఆయనను కాల్చి చంపిరి. అదే సంవత్సరము డిసెంబరు 2న, అక్కడి బీదలనడుమ పనిచేయుచుండిన నలుగురు అమెరికా స్త్రీలను సైనికులు చంపిరి. ముగ్గురు సన్యాసినులు, నాలుగవ యామె జీన్ డోనొవాన్, సన్యాసిని కాని ఇరువదియేడేండ్ల యువతి. అపాయము తెలిసియు ఆమె అక్కడనే నిలిచినది. 1989 నవంబరు 16 తెల్లవారుజామున, రాజధానిలోని యేసు సభవారి విశ్వవిద్యాలయమున ఆరుగురు గురువులను, ఆ రాత్రి అక్కడ తలదాచుకొన్న వంటమనిషి ఎల్బా రామోసును, ఆమె చిన్నకూతురు సెలీనాను కాల్చి చంపిరి. చంపినది అమెరికావారు శిక్షణ యిచ్చిన అట్లకాట్ల్ అను పటాలము. 1980 నుండి 1992 వరకు సాగిన ఆ అంతర్యుద్ధమున సుమారు 75,000 మంది మరణించిరి. ఆ కాలముననే వందల కోట్ల డాలర్ల అమెరికా సొమ్ము ఆ ప్రభుత్వమునకు చేరినది.

ఇప్పుడు చెప్పుడు. అమెరికా విద్యార్థి ఆ దేశమునకు పోయి, రొమేరో సమాధికి మ్రొక్కి, పల్లెలో వారము దినములు వారు పెట్టిన చిక్కుడుగింజలు తిని, కన్నీరు కార్చి మరలివచ్చినచో ప్రతివాది పేరు తెలిసికొన్నట్లేనా? ఆ తుపాకి కొన్న సొమ్ములో అతని తండ్రి కట్టిన పన్ను కలదు గదా!

తెలిసికొన్నవారును లేకపోలేదు, వారిని స్మరింపకున్నచో ఈ వ్రాత అన్యాయమగును. జార్జియా రాష్ట్రపు ఫోర్ట్ బెన్నింగ్ దండులో లాటిన్ అమెరికా సైనికాధికారులకు శిక్షణ యిచ్చు పాఠశాల యొకటి యుండెను. 1993లో ఐక్యరాజ్యసమితి సత్యశోధన సంఘము హంతకుల పేర్లు వెల్లడింపగా, వారిలో పలువురు ఆ బడిలో చదివినవారే యని తేలినది. అప్పటికి కాథలిక్ గురువైయుండిన రాయ్ బూర్జ్వా 1990లోనే దాని ద్వారముకడ ఉద్యమము నారంభించియుండెను. ఏటేట నవంబరులో వేలకొలది జనులు అక్కడ చేరి, మృతుల పేర్లు ఒక్కొక్కటిగా చదువుచు నిలుచువారు. కొందరు గీత దాటి జైళ్లకు పోయిరి. 1997 నుండి యేసు సభ కళాశాలల విద్యార్థులు అక్కడ ప్రత్యేకముగా సమావేశమైరి. 2001లో ఆ బడికి పేరు మార్చిరే గాని దానిని మూయలేదు. 2010 నుండి విద్యార్థుల సమావేశము రాజధాని వాషింగ్టనునకు తరలినది. అక్కడ వారు తమ శాసనసభ్యులను కలిసి ప్రశ్నించుచున్నారు. మునిగినవాడు మేలుకొన్నాడనుటకు ఇది గుర్తు: అతడు తన యింటికే వచ్చి తన ప్రభుత్వపు తలుపు తట్టినాడు.

ఇంకను దగ్గరకు పోదము. వాషింగ్టనులోనే 1789లో స్థాపితమైన జార్జిటౌన్ విశ్వవిద్యాలయము కలదు, యేసు సభవారిదే. 1838లో ఆ సభకు చెందిన మేరీలాండు గురువులు తమ ఆస్తిగా నుంచుకొనిన 272 మంది నీగ్రో బానిసలను, స్త్రీలను పిల్లలను సైతము, 1,15,000 డాలర్లకు లూసియానా భూస్వాములకు అమ్మిరి. కొన్నవారిలో ఒకడు ఆ రాష్ట్రపు మాజీ గవర్నరు. ఆ సొమ్ములో కొంత కళాశాల అప్పు తీర్చుటకై వినియోగపడినది. విక్రయపత్రములోని మొదటి పేరు ఐజక్. ఆ పత్రము నూటయెనుబది యేండ్లు ఆ సంస్థ చరిత్రలోనే యుండెను; దానిని వెదకుటకు ఏ విమానమును ఎక్కనక్కరలేదు. 2017లో విశ్వవిద్యాలయమువారు, సభవారు క్షమాపణ చెప్పి, ఒక భవనమునకు ఐజక్ హాకిన్సు పేరు పెట్టిరి. 2019 ఏప్రిల్‌లో విద్యార్థులు తామే ఓటు వేసికొని, ఆ 272 మంది సంతతివారికొరకు అర్ధసంవత్సరమునకు తలకు 27.20 డాలర్ల రుసుము చెల్లింతుమని తీర్మానించిరి. మూడింట రెండు వంతులమంది సమ్మతించిరి. ఆ ఓటు సంస్థను బంధించునది కాదు గనుక పెద్దలు రుసుము మాని విరాళముల నిధిని ఎన్నుకొనిరి. ఐనను ఆ పిల్లలు చేసిన పని చూడుడు: ప్రతివాది స్థానమున తమ కళాశాలను, తమ్మును నిలుపుకొనిరి. అంతకు ముందు 2005లోను, ఆ విద్యార్థులే తమ తరగతిగదులు ఊడ్చు గుత్తపనివారికి బ్రతుకదగిన కూలి ఇవ్వవలెనని వారమునకు పైగా నిరాహారదీక్ష పూని, కూలి పెంపును సాధించిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలన్నది ఇందుకే. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టునా?

పరులకు చెప్పుటకు ముందు నా సంగతియు చెప్పికొనవలెను. ఇరువదియైదేండ్ల క్రిందట ఒక ధార్మిక సంస్థవారి కళాశాలలో చదువుకొంటిని. ఏ సంస్థయో, ఏ మతమువారో చెప్పను. మన దేశమున ఏ మతమువారి కళాశాలయైనను కావచ్చును. మమ్ము పది దినములు ఒక పల్లెకు తీసికొనిపోయిరి. ఉదయము ప్రార్థన, పగలు దళితవాడలో మురుగుకాలువ త్రవ్వుట, రాత్రి ఉపన్యాసము. ఆ వాడలో ఒక ముసలమ్మ యిచ్చిన మజ్జిగ అందరమును త్రాగితిమి. అంతటితో అస్పృశ్యతను జయించితిమనుకొంటిమి. పారలు పట్టిన మా ఛాయాచిత్రము కళాశాల పత్రికలో పడినది. ఒక ప్రతి నా గదిగోడకు తగిలించుకొంటిని.

మా వసతిగృహమున మరుగుదొడ్లు కడుగు మనుష్యుని పేరు మాలో ఒక్కనికిని తెలియదు. ఆ సంవత్సరాంతముననే గుత్తేదారు ఆరు మాసముల జీతము బాకీపెట్టి అతనిని తొలగించెను. అతడు రెండు దినములు మా వరండాలో నిలిచి, వచ్చినవారికెల్ల చెప్పుకొనెను. పరీక్షల దినములు. మాలో ఒక్కడును పుస్తకము మూయలేదు. పదేండ్లకు, మరియొకరి జీతపు దావాలో సాక్షిగా వచ్చిన ఒక వృద్ధుడు కోర్టు ఆవరణమున నన్ను చూచి, నా గది సంఖ్య చెప్పి, నా పేరుపెట్టి పలుకరించెను. అతని పేరు నేను సాక్షుల పట్టికలో చదివి తెలిసికొంటిని. పల్లెలో పది దినములు నేర్పలేని పాఠము ఆ వరండాలో రెండు దినములు నిలిచియుండెను. నేను తలుపు తీయలేదు.

కావున ఈ విమర్శ అమెరికావారికి మాత్రమే చెందినది కాదు. మన దేశమున 1969 సెప్టెంబరు 24న, గాంధీమహాత్ముని శతజయంతి సందర్భమున, జాతీయ సేవాపథకము ప్రారంభమైనది. రెండేండ్లలో 240 గంటల సేవ, ఒక శిబిరము. మఠములు, మిషనులు, ట్రస్టులు నడపు కళాశాలలు తమ తమ శిబిరములను వేరుగా నడుపుచున్నవి. మంచిదే. కాని ఆ సంస్థలలో మురుగుగుంటలలోనికి మనుష్యుని దింపుచున్నారా? దింపరాదని 2013 చట్టము శాసించుచున్నది. గుత్తపనివాని జీతము సకాలమున ముట్టుచున్నదా? 1948లోనే ఈ దేశమున కనీస వేతనముల చట్టము పుట్టినది. శిబిరమునకు పోవు విద్యార్థికి దాని పేరైనను చెప్పుచున్నారా?

కొందరు మిత్రులు, "ఒక వారమైనను కన్ను తెరచినది గదా, ఇండ్లలో కూర్చుండి విమర్శించుటకంటె మేలు కాదా?" అందురు. మేలే. ఎన్నడును బీదవాని గుడిసె గడప త్రొక్కని విద్యావంతునికంటె, త్రొక్కి సిగ్గుపడినవాడు వేయిరెట్లు మేలు. కాని తెరచిన కన్ను దేనిని చూడవలెను? బీదవాని సహనమును, అతని చిరునవ్వును చూచి, 'ఏమియు లేకున్నను ఎంత సంతోషముగా నున్నారు!' అని మెచ్చుకొనుటకే తెరచినచో ఆ కన్ను మూసియున్నను నష్టము లేదు. ఆ చిరునవ్వు అతిథిమర్యాద. అది అతని స్థితికి సాక్ష్యము కాదు.

మరికొందరు, "మతసంస్థలకు రాజకీయములేల? సేవ చేసిన చాలును" అందురు. రొమేరోను చంపినది అన్నము పెట్టినందుకు కాదు. అన్నము లేకుండుటకు కారణమెవరో చెప్పినందుకు. న్యాయమను మాటను పీఠముపై నుంచి పూజించుచు, అది ఎవరివైపు వ్రేలు చూపునో చూడవలదనుట భక్తి కాదు, భయము.

నిషేధింపుడని నేననను, దిద్దుకొనుడనుచున్నాను. పిలువనిదే పోవలదు. పోవువాడు ఆ యూరి భాష కొంతయైనను నేర్చి పోవలెను. ఊరివారు చేయగల పనిని విద్యార్థి చేతులతో చెడగొట్టక, వారికే కూలియిచ్చి చేయింపవలెను. వారు చెప్పు పాఠమునకు అధ్యాపకునికి ఇచ్చినట్లే వేతనమీయవలెను. యాత్ర ఖర్చు పైసలతో సహా ప్రకటింపవలెను. ఈయేడు పోయిన యూరికే పైయేడును పోవలెను. ఛాయాచిత్రములకొరకు ఏటికొక క్రొత్త యూరు వెదకరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది: బయలుదేరుటకు ముందు ప్రతి విద్యార్థియు తన వసతిగృహమున వండువారి, ఊడ్చువారి, కడుగువారి పేర్లు, జీతములు వ్రాసి తేవలెను, మరలివచ్చిన పిదప ఆ కాగితమును కళాశాల పెద్దలముందుంచి ప్రశ్నింపవలెను. ఈ చివరి నియమమునకు ఒప్పుకొనని కళాశాల తన యాత్రకు న్యాయమను పేరు పెట్టుకొనరాదు.

యువకులారా, మునుగుడు, వలదనను. కాని మూడు మునకలు వైచి ఒడ్డెక్కినంతనే పని ముగిసినదనుకొనవలదు. అసలు పని ఇంటికి వచ్చిన మరునాటి ఉదయము, మీ వరండాలో చీపురు పట్టుకొని నిలిచినవానితో మొదలగును. ముందు అతని పేరడుగుడు. పిదప అతనికి రావలసిన బాకీ యెంతయో అడుగుడు.